షౌక్ మనది, లైటు వెనకోడిది

పోయిన చలికాలం సంగతి. జహీరాబాద్‌లో మా దూరపు చుట్టాల ఇంట్లో వలీమా. దావత్ అయ్యి, అందరికీ సలాములు చెప్పి, గలే కలిసి, అమ్మీజాన్ తన ఖాలాజాద్ బహెన్లను వదల్లేక వదల్లేక కారెక్కేసరికి రాత్రి పదకొండు దాటింది. రెండు కార్లలో హైదరాబాద్‌కు బయల్దేరాం. ముందు కారు మా ఆపా కొడుకుది. అందులో ఆపా, దుల్హేభాయి. వెనక కారు నాది. పక్కన మా బేగమ్, వెనక సీట్లో అమ్మీజాన్, నా కూతురు. రోడ్డు మంచిగుంది. పొగమంచు లేదు. గంటకు డెబ్బై కిలోమీటర్ల స్పీడుతో వాడి వెనకే పోతున్నా.

బుధేరా చౌరస్తా దాటాక ముందున్న కారు ఉన్నట్టుండి నా కళ్ల ముందు పెద్దదైపోయింది. దూరంగా ఉన్నది దగ్గరకొస్తున్నట్టు కాదు, అక్కడే పెరిగిపోతున్నట్టు. బ్రేక్ లైటు వెలగలేదు. కనీసం నాకు వెలిగినట్టు కనబడలేదు. ఒంట్లో ఉన్న బరువంతా పెట్టి బ్రేక్ తొక్కా. టైర్లు కీచుమన్నాయి. నా బంపర్‌కీ వాడి బంపర్‌కీ మధ్య జానెడు జాగా మిగిలింది. వెనక సీట్లో అమ్మీజాన్ మొహం ముందు సీటుకు కొట్టుకుంది. పెదవి చిట్లి తెల్లటి దుపట్టా మీద రక్తం చుక్కలు పడ్డాయి.

వాడి ముందు చెరకు ట్రాక్టర్ ఉంది. రెండు ట్రాలీలు, నిండా చెరకు, వెనక ఒక్క లైటు లేదు. వాడు దాన్ని ఆఖరి క్షణంలో చూసి బ్రేక్ కొట్టాడు. నేను వాణ్ని ఆఖరి క్షణంలో కూడా చూడలేదు.

కారు పక్కకు పెట్టించి, వాణ్ని ఒకసారి బ్రేక్ తొక్కమన్నా. లైటు వెలుగుతూనే ఉంది. బల్బు ఖరాబు కాలేదు. కాకపోతే అది ఎర్రగా లేదు. కుంపట్లో బూడిద కింద మిగిలిన నిప్పులా ఉంది.

"ఏందిది బేటా?"

"స్మోక్ ఫిల్మ్ మామూ. పోయిన నెల వేయించిన. మంచిగున్నది కదా అనుకున్న."

అమ్మీజాన్ దుపట్టా కొంగుతో పెదవి ఒత్తుకుంటూ, "బచ్చే కో కుచ్ నక్కో బోల్" అన్నది. ఆ రాత్రి నేను ఏమీ అనలేదు. ఇప్పుడు రాస్తున్నా. వాడికోసం మాత్రమే కాదు. మీ ఇంట్లోనూ ఇలాంటి కారు ఒకటి ఉండొచ్చు.

ముందు నా తప్పులు ఒప్పుకుంటా. లేకుంటే ఈ రాతకు ఇజ్జత్ ఉండదు. ముందు కారుకు నాకు మధ్య ఉండాల్సినంత ఫాసలా నేను ఉంచలేదు. ఇంటివాడే కదా అనే ధీమా. వెనక సీట్లో కూడా బెల్ట్ పెట్టుకోవాలని రూల్ ఉందని తెలిసీ అమ్మీజాన్‌ను అడగలేదు. ట్రాక్టర్ వాడి తప్పు, నా తప్పు, భాంజా తప్పు మూడూ ఒకే జాగాలో కలిశాయి. హాద్సా అనేది ఎప్పుడూ ఒక్కరి గల్తీతో కాదు, ఇట్లా నలుగురి గల్తీలు ఒకచోట జమ అయితేనే జరుగుతుంది. కానీ ఈ మూడింట్లో ఒకటి మాత్రం పైసలిచ్చి కొనుక్కున్నది. నా బాధ దాని గురించే.

* * *

ఆ పిల్లవాణ్ని నేను తిట్టలేను. వాడు మొబైల్ దుకాణంలో పని చేస్తాడు. నాలుగేళ్లు పైసా పైసా కూడబెట్టి, మిగతాది కిస్తుల మీద పెట్టి, ఒక పాత మోడల్ కారు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాడు. వాళ్ల ఖాందాన్‌లో అది మొదటి కారు. వాళ్ల దాదా రిక్షా తొక్కాడు, అబ్బా ఆటో నడుపుతాడు. వాడు ఆ కారును జుమ్మా జుమ్మాకు కడుగుతాడు. దోస్తుల కార్ల పక్కన అది పాతదిగా కనబడొద్దని వాడి తపన. కొత్త కారు కొనే తాఖత్ లేదు, అందుకే ఉన్నదాన్నే కొత్తగా చేసుకుంటాడు. వెయ్యి, పన్నెండు వందల్లో కారు మొహమే మారిపోతుందంటే ఎవరికి మనసు లాగదు?

మా జమానాలో మేము చేసిందీ ఇదే. బండి హ్యాండిల్‌కు రంగురంగుల కుచ్చులు, చక్రాలకు పూసలు, ట్యాంక్ మీద స్టిక్కర్. ఉర్దూలో షౌక్ అంటాం. ఆ మాటే తెలుగులోకొచ్చి షోకు, సోకు అయింది. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక ఇట్లాంటి మాటలు చూసి ఖుషీ అయ్యేవాణ్ని. కానీ రెండు భాషల మధ్య ఆ మాట కొంచెం మారింది. ఉర్దూ షౌక్ దిల్ లోపల ఉండే ఇష్టం. తెలుగు షోకు బయట ఎదుటివాడికి కనబడేది. వెనక లైటుకు నల్ల ఫిల్మ్ ఈ రెండో రకం. అందులో తమాషా ఏమిటంటే, ఎదుటివాళ్లకు కనబడాలని చేసే పనితో వెనకవాళ్లకు కనబడకుండా పోతున్నాం.

ఇంకో మాట కూడా ఇట్లాగే మారింది. తెలుగులో ఖబడ్దార్ అంటే బెదిరింపు. ఉర్దూలో ఖబర్దార్ అంటే ఖబర్ తెలిసినవాడు, హోషియార్‌గా ఉన్నవాడు. కారు వెనక లైటు చేసే పని అదే. వెనకవాణ్ని ఖబర్దార్ చేయడం. నేనిక్కడ ఉన్నా, నేను ఆగుతున్నా, నేను ఎడమకు తిరుగుతున్నా అని చెప్పడం. ఇరవై ఏళ్లుగా ఖబర్లు రాసి బతుకుతున్నవాణ్ని, ఖబర్ ఆలస్యంగా చేరితే ఏమవుతుందో నాకు తెలుసు. రోడ్డు మీద అది ఒక సెకను ఆలస్యమైనా చాలు.

* * *

లెక్క చూద్దాం. గంటకు డెబ్బై కిలోమీటర్లంటే సెకనుకు 19 మీటర్లకు పైనే. ముందువాడు బ్రేక్ కొట్టాడని కన్ను చూసి, దిమాగ్ సమజ్ చేసుకుని, కాలు బ్రేక్ మీదికి పోవడానికి ఒకటిన్నర సెకను వేసుకోండి. అప్పటికే 29 మీటర్లు పోయాం. ఆ తర్వాత పొడి రోడ్డు మీద మంచి టైర్లున్న కారు ఆగడానికి ఇంకో 27, 28 మీటర్లు. అంతా కలిపితే 55 మీటర్లు దాటుతుంది. లైటు మసకగా ఉండి, అది బ్రేకా కాదా అని తేల్చుకోవడానికి ఇంకొక్క సెకను పట్టిందా, మరో 19 మీటర్లు. ఆ రాత్రి నాకు మిగిలింది జానెడు. ఆ జానెడు అల్లా దయ, నా హుషారు కాదు.

లైటుకు ఇంత అహమియత్ ఉందా అని అడిగేవాళ్లకు ఒక పాత కిస్సా చెప్తా. 1974లో అమెరికాలో జాన్ వొవొద్‌స్కీ అనే సైకాలజిస్ట్ శాన్‌ఫ్రాన్సిస్కో ట్యాక్సీల మీద ఒక తజ్రిబా చేశాడు. 343 ట్యాక్సీలకు వెనక మధ్యలో మూడో బ్రేక్ లైటు పెట్టించాడు. మరికొన్ని ట్యాక్సీలను ఉన్నవి ఉన్నట్టే వదిలాడు. పది నెలల తర్వాత చూస్తే, మూడో లైటు ఉన్నవాటిని వెనక నుంచి గుద్దిన సంఘటనలు మిగతావాటితో పోలిస్తే 60 శాతం తక్కువ. 1986 మోడల్ నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ ఆ లైటు తప్పనిసరి చేశారు. అందరి కార్లకూ వచ్చి, అందరి కళ్లకూ అలవాటయ్యాక ఆ ఫాయిదా తగ్గింది. తర్వాత ప్రభుత్వం వేసిన లెక్కలో నూటికి నాలుగు చిల్లర దగ్గర నిలబడింది. అయినా పర్వాలేదన్నారు. నూటికి నాలుగు అంటే కొన్ని వేల కుటుంబాలు.

చూడండి, వాళ్లు ఉన్న రెండు లైట్లు చాలవని మూడోది పెట్టుకున్నారు. మనం ఉన్న రెండింటిని పైసలిచ్చి మూయించుకుంటున్నాం.

మన దేశంలో 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ఇవి కేంద్ర రవాణా శాఖ లెక్కలు. ప్రతి అయిదు ప్రమాదాల్లో దాదాపు ఒకటి వెనక నుంచి గుద్దినదే. అన్నిటికీ నల్ల ఫిల్మే కారణమని నేననను. స్పీడు, నిద్ర, షరాబ్, రోడ్డు మీద ఆపేసిన లారీలు, చాలా ఉన్నాయి. కానీ వెనకవాడికి కనబడడం అనేది ఎంత పెద్ద మసలానో తెలియడానికి ఈ లెక్క చాలు.

* * *

ఇప్పుడు అసల్ సంగతి. ఫిల్మ్ వేయించుకున్నవాళ్లు చాలామంది ఒక టెస్ట్ చేస్తారు. ఇంటిముందు కారు ఆపి, రాత్రి పూట లైటు వేసి, పది అడుగుల దూరంలో నిలబడి, "కనబడుతుంది కదా మామూ" అంటారు. కనబడుతుంది. పది అడుగుల దూరం నుంచి అగర్‌బత్తీ కూడా కనబడుతుంది.

మన మోటారు వాహనాల రూల్స్‌లో 105వ రూల్ ఉంది. కారు వెనక రెండు ఎర్ర లైట్లు ఉండాలి, అవి 155 మీటర్ల దూరం నుంచి కనబడాలి అని. డెబ్బై స్పీడుకు 155 మీటర్లంటే ఎనిమిది సెకన్లు. ఆ ఎనిమిది సెకన్లు వెనకవాడి హఖ్.

పాత మోడల్ కార్లలో చాలావాటికి ఒకే బల్బులో రెండు తీగలుంటాయి. 21 వాట్లది బ్రేక్‌కు, 5 వాట్లది రాత్రి పూట వెలుగుతూ ఉండే టెయిల్ లైటుకు. ఆ 5 వాట్లది ముందే బీద దీపం. దాని మీద నూటికి ముప్పై వంతుల వెలుగు మాత్రమే వదిలే ఫిల్మ్ వేస్తే ఏం మిగులుతుంది? ఇక పగలు, ముఖ్యంగా అసర్ తర్వాత ఎండ వాలి నేరుగా లైటు అద్దం మీద పడే టైములో, 21 వాట్ల బ్రేక్ లైటు కూడా వెలిగిందా లేదా తెలియదు. రాత్రి కనబడుతుంది కదా అనేవాళ్లు పగటి సంగతి మరిచిపోతారు.

వీటన్నిటికంటే ఖతర్నాక్ సంగతి ఇంకోటి ఉంది. దాని గురించి ఫిల్మ్ వేసే కారీగర్ చెప్పడు, వేయించుకునేవాడు అడగడు. రిఫ్లెక్టర్. చాలా కార్లలో అది టెయిల్ లైటు డబ్బాలోనే ఒక మూలన ఉంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు, బల్బు అక్కర్లేదు. బ్యాటరీ చచ్చిపోయి, కారు చీకట్లో రోడ్డు పక్కన ఆగిపోయినప్పుడు, వెనక వచ్చే లారీ హెడ్‌లైటు వెలుగును తిరిగి ఆ డ్రైవర్ కంటికే పంపుతుంది. ఆపద వేళ మిగిలే ఆఖరి దోస్త్ అది.

దాని మీద ఫిల్మ్ వేస్తే వెలుగు రెండుసార్లు కట్ అవుతుంది. లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి. సగం వెలుగు వదిలే ఫిల్మ్ అయితే తిరిగొచ్చేది సగంలో సగం, అంటే పావు వంతు. నూటికి ముప్పై వదిలే ఫిల్మ్ అయితే తిరిగొచ్చేది నూటికి తొమ్మిదే. లైటు కొంచెమే తగ్గింది అనుకున్న మనిషి రిఫ్లెక్టర్‌ను దాదాపు చంపేశాడు. అది వాడికి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే కారు నడిపేవాడు తన కారు వెనక భాగాన్ని నడిచేటప్పుడు చూసుకోలేడు. తెలుగులో దీపం కింద చీకటి అంటాం. ఉర్దూలో చిరాగ్ తలే అంధేరా అంటాం. రెండు భాషలవాళ్లూ ఒకే సంగతి కనిపెట్టారు. తన దీపం వెనక ఉన్న చీకటి తనకు కనబడదు.

ఇంకో మాట. మీ కళ్లతో అందరి కళ్లనూ కొలవొద్దు. ఇరవై ఏళ్ల పిల్లవాడి కంటిపాప లోపలికి చేరే వెలుగులో అరవై ఏళ్ల మనిషికి చేరేది మూడో వంతు దాకానే ఉంటుంది. మోతియాబింద్ ఉంటే ఇంకా తక్కువ. రంగుల తేడా సరిగా తెలియని ఒక రకం కళ్లున్నవాళ్లకు ఎరుపే మసకగా కనబడుతుంది. నాకే నలభై దాటాక రాత్రిపూట ఎదుటి హెడ్‌లైటు పడితే కొన్ని క్షణాలు ఏమీ కనబడడం లేదు. మీ వెనక వచ్చేది ఎవరో మీరు చునాయించుకోలేరు. డ్యూటీ దిగి నిద్రమొహంతో వచ్చే నర్సు కావచ్చు, బైక్ మీద బిడ్డను ముందు కూర్చోబెట్టుకున్న తండ్రి కావచ్చు. మీ కారును గుద్దితే మీకు డెంట్ పడుతుంది, బైక్ వాడికి జిందగీ పోతుంది.

* * *

ఈ సంగతి మా భాంజాతో, వాడి దోస్తులతో ఒక ఆదివారం చాయ్ హోటల్లో కూర్చుని మాట్లాడా. వాళ్లు ఊరుకునే పిల్లలు కాదు. మూడు సవాళ్లు వేశారు. మూడూ గట్టివే.

మొదటిది: "కంపెనీవాళ్లే కొత్త కార్లకు నల్ల లైట్లు ఇస్తున్నరు కదా అంకుల్, వాళ్లను ఎవ్వరు అడగరా?" ఇస్తున్నారు, నిజమే. కానీ అది ముందే లెక్క వేసి చేసిన నలుపు. అద్దం ఎంత మబ్బుగా ఉంటే లోపల అంత తేజ్ ఎల్‌ఈడీలు పెడతారు. రిఫ్లెక్టర్‌ను అక్కడ మూయకుండా వేరే జాగాలో, చాలాసార్లు కింద బంపర్‌లో విడిగా పెడతారు. వెలుగు ఏ కోణంలో ఎంత రావాలో కొలిచి, పుణెలో ఉన్న ఏఆర్‌ఏఐ లాంటి సంస్థల్లో పరీక్ష చేయించి, పాస్ అయితేనే అమ్ముతారు. పైగా మామూలు బల్బు తీగ వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఎల్‌ఈడీకి ఆ ఆలస్యం లేదు. డెబ్బై స్పీడుకు అదే నాలుగు మీటర్లు. ఆ నల్ల లైటు, మీరు పాత బల్బు మీద అంటించిన నల్ల కాగితం రెండూ ఒకటి కాదు. డాక్టర్ కొలిచి రాసిచ్చిన చల్లద్దాలు వేరు, గుడ్డివాడి అద్దాలు వేరు.

రెండోది: "లారీలకు, ట్రాక్టర్లకు లైట్లే ఉండవు. వాళ్లను వదిలి మా షౌక్ మీద పడతరేంది?" ఈ మాటకు నేను కొంచెంసేపు జవాబు ఇవ్వలేకపోయా. ఆ రాత్రి మా ముందు ఉన్నది అట్లాంటి ట్రాక్టరే కదా. ట్రాలీకి రిఫ్లెక్టర్ టేపు లేకుండా రోడ్డెక్కనివ్వడం సర్కారు చేస్తున్న లాపర్వాహీ. చెరకు సీజన్‌లో ఫ్యాక్టరీ గేటు దగ్గరే నిలబెట్టి టేపు అంటించొచ్చు, పెద్ద ఖర్చు కాదు. రాయాల్సింది రాశాను, ఇంకా రాస్తా. కానీ బేటా, ఆ రైతుకు లైటు లేకపోవడం గరీబీ కావచ్చు, తెలియకపోవడం కావచ్చు. నీకు లైటు ఉంది. కంపెనీ ఇచ్చింది. నువ్వు పన్నెండు వందలిచ్చి ఆర్పించుకున్నావు. రెండు చీకట్లూ ఒకటే, కానీ రెండు కసూర్లూ ఒకటి కాదు.

మూడో సవాలు భాంజా వేశాడు. గొంతు తగ్గించి అడిగాడు. "నల్ల ఫిల్మ్ ఉన్నదని ఒక నాకాబందీల ఆపిన్రు మామూ. లైసెన్స్ మీద నా పేరు చూసినంక అడిగే తరీఖానే మారింది. డిక్కీ తెరిపిచ్చిన్రు, ఫోన్ చూపియ్యమన్నరు. ఇది లైటు గురించేనా?"

ఇది నేను మజాక్‌గా తీసుకోలేను. పేరు చదివాక ఎదుటి మనిషి చూపు మారడం నేనూ అనుభవించినవాణ్నే, జేబులో ప్రెస్ కార్డు ఉండి కూడా. అది నాఇన్సాఫీ, దాన్ని నాఇన్సాఫీ అనే అనాలి. డిక్కీకి, ఫోన్‌కు, బ్రేక్ లైటుకు తాల్లుక్ లేదు. కానీ వాడికి ఒకటే చెప్పా. నిన్ను పేరు చూసి అవమానించిన మనిషి తప్పు ఒక ఖాతాలో రాసుకో. నీ లైటు నల్లగా ఉండడం ఇంకో ఖాతా. మొదటి ఖాతా చూపించి రెండోదాన్ని మాఫ్ చేసుకోవద్దు. ఎందుకంటే ఆ రాత్రి నీ వెనక ఉన్నది పోలీసు కాదు. మీ నానీ.

వాడు తల దించుకున్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో అని తర్వాత అనిపించింది. కానీ అన్నా.

* * *

కానూన్ సంగతి కూడా తెలుసుకోండి. 2012లో సుప్రీంకోర్టు కారు అద్దాల మీద నల్ల ఫిల్మ్ వద్దన్నది చాలామందికి యాద్ ఉంది. దాంతో అద్దాల మీద భయం వచ్చింది, లైట్ల మీద రాలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరును ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడానికి లేదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో, కుదరని మార్పు ఒక్కొక్కదానికి అయిదు వేల రూపాయల జుర్మానా, ఆరు నెలల దాకా ఖైదు, లేదా రెండూ అని ఉంది. పన్నెండు వందల షోకుకు అయిదు వేల చలాన్. పైగా ఏదైనా జరిగితే, కారులో మార్పు చేసిన సంగతి చెప్పలేదని బీమా కంపెనీ క్లెయిమ్ దగ్గర సవాలు లేపే వీలుంటుంది. కిస్తుల మీద కారు తీసుకున్నవాడు ఈ ఒక్క సంగతికైనా భయపడాలి.

అయితే చలాన్ భయంతో చేసే పని ఎక్కువ రోజులు నిలబడదు. మన దగ్గర షబ్-ఎ-బరాత్ రాత్రి బైకుల రేసులు చూస్తూనే ఉన్నాం. ఇబాదత్ కోసం జాగ్నే కీ రాత్ అని పేరు పెట్టుకున్న రాత్రి, పిల్లల రేసులకు భయపడి హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు మూసేస్తారు. పెద్దలు ఏటేటా అపీల్ చేస్తారు. ఫ్లైఓవర్ మూస్తే రేసు కింది రోడ్డుకు దిగుతుంది. దిల్‌లో మారనిది బారికేడ్‌తో మారదు.

మా మహల్లాలో ఫిల్మ్ వేసే కారీగర్లు నాకు తెలిసినవాళ్లే. చేతిలో గొప్ప హునర్ ఉన్నవాళ్లు. ఒకతనితో మాట్లాడితే, "నేను కాదంటే పక్క దుకాణంల ఏపిచ్చుకుంటరు భాయ్, నా రోజీ పోతది" అన్నాడు. రోజీ మాట వచ్చాక ఊరికే నసీహత్ చెప్పి రావడానికి నోరు రాదు. కానీ ఒకటి అడిగా. ఆ ఫిల్మ్ తీయడానికి, మబ్బు పట్టిన పాత లైటు అద్దాలను పాలిష్ పట్టి కొత్తగా మెరిపించడానికి పైసలు తీసుకోవచ్చు కదా? లైట్లు వదిలేసి రూఫ్ మీద, అద్దాల కవర్ల మీద నలుపు వేస్తా అని గిరాకీకి చెప్పొచ్చు కదా? చీకటి అమ్మే దుకాణంలోనే వెలుగు కూడా అమ్మొచ్చు. అతను నవ్వి, చూస్తా అన్నాడు. చూస్తాడో లేదో.

* * *

నేను షౌక్‌కు దుష్మన్ కాదు. కారుకు మంచి సీట్ కవర్లు వేయించండి. అల్లాయ్ చక్రాలు కంపెనీ చెప్పిన సైజులో వేయించండి. లోపల మంచి మ్యూజిక్ సిస్టమ్, డ్యాష్‌బోర్డ్ మీద అత్తర్ సీసా, స్టీరింగ్‌కు తోలు కవర్ పెట్టుకోండి. మీ ఖుషీ మీది. వెనక లైట్లే మార్చాలని మనసుంటే, మీ మోడల్‌కు కంపెనీ అమ్మే అసలు లైట్లే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగి తీసుకోండి. కారు మొత్తంలో మీ ఇష్టం చెల్లని జాగాలు కొన్నే. ముందు లైట్లు, వెనక లైట్లు, రిఫ్లెక్టర్లు, నంబర్ ప్లేట్. ఎందుకంటే అవి మీకోసం పెట్టినవి కావు. కారు నడిపేవాడికి వెనక లైటుతో ఒక్క పని లేదు. అది మొత్తం వెనకోడిది. మన దగ్గర పెట్టిన అమానత్. అమానత్‌కు రంగు వేయించుకునే హఖ్ మనకు లేదు.

ఈ సంగతి నాకు కితాబులు నేర్పలేదు. మా అబ్బాకు ఒక సైకిల్ ఉండేది. ఆయన జవానీలో లైటు లేకుండా రాత్రి సైకిల్ తొక్కితే పోలీసులు చలాన్ రాసేవాళ్లట, డైనమో లేనివాళ్లు కందిలి పట్టుకుని పోయేవాళ్లట. మా చిన్నప్పటికి ఆ భయాలు పోయాయి. అయినా అబ్బా రోజూ ఇషాకు బయల్దేరే ముందు జేబులోంచి రుమాల్ తీసి, వెనక మడ్‌గార్డ్ మీది రూపాయి బిళ్లంత ఎర్ర అద్దాన్ని తుడిచేవాడు. సైకిల్ అంతా దుమ్ముండేది, అదొక్కటే మెరిసేది. "కైకు అబ్బా, అది మీకు కనబడదు కదా" అని ఒకసారి అడిగా. "ఇది నాకోసం కాదు బేటా, లారీ అన్న కోసం" అన్నాడు. దారిలో పడిన ముల్లు తీసేయడం సవాబ్ అని మనకు చిన్నప్పుడే నేర్పుతారు. ఆ రుమాల్ కూడా అదే పని చేసేదని నాకు బుధేరా దగ్గర అర్థమైంది.

ఈ రాత్రికి ఒక చిన్న పని చేయండి. కారు ఆపి, లైట్లన్నీ ఆర్పి, చీకట్లో ముప్పై అడుగులు వెనక్కి నడిచి, సెల్‌ఫోన్ టార్చ్‌ను కంటి పక్కన పెట్టుకుని వెనక లైట్ల మీద వేయండి. ఎర్రగా భగ్గుమని మెరవాలి. మెరవకపోతే మీ ఆఖరి దోస్త్ లేడని లెక్క. రేపు ఎండలో ఇంట్లోవాళ్లను బ్రేక్ తొక్కమని, రెండు వందల అడుగులు వెనక్కి పోయి చూడండి. వెలిగిందా లేదా అని ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చినా ఫిల్మ్ తీసేయండి. హెయిర్ డ్రయర్‌తో కొంచెం వేడి చేసి మెల్లగా లాగితే వస్తుంది. స్ప్రే కొట్టించినదైతే కారీగర్ దగ్గరికి పోవాల్సిందే. ఫిల్మ్ లేనివాళ్లు కూడా ఖుషీ కావొద్దు. బురద, దుమ్ము, చచ్చిన బల్బు కూడా అదే పని చేస్తాయి.

మా భాంజా తీసేశాడు. నేను చెప్పినందుకు కాదు. వారం రోజులు అమ్మీజాన్ వాచిన పెదవితో చాయ్ స్ట్రా పెట్టుకుని తాగడం చూడలేక తీసేశాడు. కుడివైపు అద్దం మీద గోంద్ మరక ఇంకా ఉంది, పోలేదు. వాడి దోస్తులు నలుగురిలో ఒకడు తీశాడు, ముగ్గురు తీయలేదు. ఆ ముగ్గురికోసం మళ్లీ ఒక ఆదివారం చాయ్ హోటల్‌కు పోవాలి.

మొన్న మళ్లీ రెండు కార్లలో పోవాల్సి వచ్చింది. అమ్మీజాన్ బెల్ట్ తనే అడిగి పెట్టించుకుంది. దారిలో రెండుసార్లు ముందుకు వంగి, "వో దిఖ్‌రా?" అని అడిగింది. హౌ అమ్మీ, దిఖ్‌రా అన్నా. మరకతోనైనా సరే, వాడి లైటు ఎర్రగా కనబడుతోంది. ఈసారి ఫాసలా కూడా ఉంచా.

ఖుదా హాఫిజ్. హిఫాజత్‌గా పోయి రండి.